స్వరూప విన్న గోదురుకప్ప

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలంలో, జూన్ మొదటి సోమవారం నాడు, నన్ను మాదాపూర్ ఆఫీసులోని వైద్య పత్రాల విభాగం నుంచి శబ్దాల ప్రాజెక్టుకు క్వాలిటీ మేనేజరుగా మార్చారు. మా కంపెనీ గచ్చిబౌలిలో కొత్తగా తీసుకున్న భవనం ఆరో అంతస్తులో ఆ ప్రాజెక్టు నడిచేది. నా పదవీ విరమణకు అప్పటికి పదిహేను నెలలు ఉంది. ఆ దశలో ఉన్న మనిషికి కొత్త పని అప్పగించడం మా దగ్గర మామూలు కాదు. కానీ చెవులతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు కంపెనీలో పెద్దగా లేరు. నేను కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను. విదేశాల్లో డాక్టర్లు రోగిని చూశాక రికార్డరులో చెప్పి పెట్టిన మాటలను హెడ్‌ఫోన్లో వింటూ, కాలి కింద పెడల్‌తో ఆపుతూ, మళ్లీ నడిపిస్తూ టైపు చేయడం ఆ ఉద్యోగం. డాక్టరు సగం మింగేసిన మాట ఏదో పట్టుకోవడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరే నన్ను ఆరో అంతస్తుకు పంపింది. ఆ పేరు మీద నాకున్న నమ్మకం ఇప్పుడు చెప్పబోయే తప్పుకు సగం కారణం.

పని ఏమిటో ముందు చెప్పాలి. మా క్లయింటు ఒక విదేశీ పరిశోధన సంస్థ. దాని పేరు, వాళ్లు పనిచేసే దీవి పేరు బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి చెప్పను. ఎప్పుడూ తడిగా ఉండే అడవులున్న దీవి అది. ఆ అడవిలో చెట్లకు చిన్న చిన్న రికార్డర్లు కట్టి ఉంచారు. గంటకొకసారి ఒక్కో నిమిషం చొప్పున అవి చుట్టుపక్కల శబ్దాలను నమోదు చేస్తాయి. ఆ నిమిషాలు వేల సంఖ్యలో మా సర్వర్లకు వచ్చేవి. ఒక్కో నిమిషాన్ని క్లిప్ అంటారు. క్లిప్ తెరిస్తే కంప్యూటరు తెర మీద శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. సన్నని గొంతు పైన, బొంగురు గొంతు కింద గీతలుగా పడతాయి. ఆ గీతల చుట్టూ పెట్టె గీసి, అది పక్షో, కప్పో, పురుగో, వానో, యంత్రమో లేబుల్ పెట్టాలి. ఆ పని చేసేవాళ్లను అన్నొటేటర్లు అంటారు. ఉద్యోగ శ్రేణిలో అందరికన్నా కింద వాళ్లే. వాళ్లపైన టీమ్ లీడ్, ఆపైన క్వాలిటీ, ఆపైన డెలివరీ హెడ్.

ఇదంతా ప్రధానంగా ఒక చిన్న గోదురుకప్ప కోసం. మన దగ్గర వానలు పడగానే గోడవారన కనిపించే గరుకు చర్మం కప్పలకు దూరపు బంధువు అది. పరిమాణం మాత్రం బొటనవేలి గోరంత. నేల మీద తిరగదు, మోకాలెత్తు మొక్కల ఆకుల మీద కూర్చుంటుంది. చెట్టు తొర్రలోనో, ఆకు మొదట్లోనో నిలిచిన గుక్కెడు వాననీటిలో నాలుగైదు పెద్ద గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చే పిల్లలు కప్పలయ్యేదాకా బయటి తిండి తినవు, గుడ్డు సొనతోనే గడిపేస్తాయి. పాత చెట్లు, వాటి తొర్రలు పోతే ఆ కప్పకు సంతానం లేదు. అడవిలో కొంత భాగానికి కలప కోసే అనుమతి ఇవ్వబోతున్నారనీ, కప్ప ఉన్నట్టు ఆధారం దొరికిన చోట్లను మినహాయిస్తారనీ క్లయింటు పంపిన పరిచయ పత్రంలో ఉంది. ఆధారం అంటే మేము పెట్టే లేబుళ్లే.

అన్నొటేటర్లు సరిగా చేస్తున్నారో లేదో చూడడానికి గోల్డ్ సెట్ అని ఒకటి ఉంటుంది. క్లయింటు నిపుణులు స్వయంగా విని జవాబులు గుర్తించిన కొన్ని క్లిప్పులు అవి. మామూలు క్లిప్పుల మధ్యలో వాటిని కలిపేస్తారు, ఏది గోల్డో పనిచేసేవారికి తెలియదు. తమ జవాబు గోల్డ్‌తో కలిస్తే స్కోరు పెరుగుతుంది, కలవకపోతే తగ్గుతుంది. వందకు తొంభై కన్నా తక్కువ రెండు వారాలు వస్తే కోచింగ్, నాలుగు వారాలు వస్తే ప్రాజెక్టు నుంచి తీసేయడం. ఫలితం చెప్పాక తమ జవాబే సరైనదని అనుకుంటే అన్నొటేటరు వివాదం నమోదు చేయవచ్చు. దాన్ని విని తీర్పు చెప్పవలసింది క్వాలిటీ మేనేజరు, అంటే నేను.

జూలై మూడో వారంలో టీమ్ లీడ్ కిరణ్ ఒక ఫైలు పట్టుకొచ్చాడు. వరంగల్ కుర్రాడు, మాటకు ముందు నవ్వు. ఆ రోజు నవ్వలేదు. స్వరూప అనే అన్నొటేటరు స్కోరు రెండు వారాల్లో తొంభై ఆరు నుంచి ఎనభై రెండుకు పడిపోయిందని చెప్పాడు.

"మొదటి నెల టాపర్ మేడం. ఇప్పుడు ఒకటే సౌండ్ పట్టుకుని కూర్చుంది. గోల్డ్‌లో పురుగు అని ఉంది. ఈమె కప్ప అంటది. చెప్పి చూసిన, వింటలేదు. జర మీరు మాట్లాడుండ్రి."

వివాదాలు యాభై రెండు ఉన్నాయి. అన్నీ ఆ దీవి ఉత్తర లోయలోని నాలుగు రికార్డర్ల నుంచి వచ్చినవే. నేను ఆరు విన్నాను. నిమిషమంతా ఆగి ఆగి వచ్చే సన్నని టిక్ టిక్ చప్పుడు. తెర మీద చూస్తే పైఅంచున దువ్వెన పళ్లలాగా గీతలు. మన పెరట్లో కీచురాళ్ల శబ్దం రికార్డు చేసినా బొమ్మ అలాగే ఉంటుంది. మిగతా పదకొండు మంది అన్నొటేటర్లు ఆ క్లిప్పులకు పురుగు అనే పెట్టారు. నిపుణుడూ పురుగే అన్నాడు. కిరణ్ తీసిచ్చిన ఎక్సెల్ కాగితంలో, స్వరూప వ్యాఖ్యలు ఉండవలసిన గడుల్లో వరసగా ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఒక్కో గడిలో ఇరవై, ముప్ఫై. ఆమెకే తేలలేదు కాబోలు, చిరాకులో అలా కొట్టింది అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పదిహేను నిమిషాల మీటింగు పెట్టాను. స్వరూపకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. ఊరు శంకర్‌పల్లి దగ్గర. పెళ్లయ్యాక జీడిమెట్లలో కాపురం. అక్కడి మందుల కంపెనీలో తొమ్మిదేళ్లు ప్యాకింగ్ లైనులో పనిచేసి, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసుకుని మా దగ్గరికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది గానీ మాట మాత్రం తడబడలేదు.

"ఇది పురుగు కాదు మేడం. కప్పనే."

"నిపుణులు పురుగని పెట్టారు కదమ్మా. మిగతా వాళ్లందరూ కూడా అదే పెట్టారు."

"వాళ్లు పెట్టిన్రు. నాకు ఇనవడ్డది నేను పెట్టిన."

"మీకే సందేహం ఉన్నట్టుంది. వ్యాఖ్యల్లో అన్నీ ప్రశ్నార్థకాలే పెట్టారు."

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది. "నేను ప్రశ్నలు పెట్టలే మేడం. రాసిన. అన్నీ అండ్లనే ఉన్నయ్, సదువుండ్రి."

నా చేతిలోని కాగితం ఆమె వైపు తిప్పి చూపిస్తే ఆ నిమిషంలోనే సంగతి తేలిపోయేది. తిప్పలేదు. కాగితం నా ముందే ఉంది, నేను చదివాను, ఆమె ఎదురు చెబుతోంది అనుకున్నాను. తరువాతి మీటింగుకు వేళయింది. కచ్చితంగా తెలియనప్పుడు పెట్టడానికి 'తెలియదు' అనే లేబుల్ ఉంది కదా, కనీసం అది పెట్టమన్నాను.

"నాకు తెలుసు గద మేడం. తెలిసి తెల్వదని ఎట్ల పెట్టాలె?"

అయినా నా మాట కాదనలేక వారం రోజులు 'తెలియదు' అనే పెట్టింది. గోల్డ్ దృష్టిలో అది కూడా తప్పు జవాబే. ఆ సంగతి నాకు తట్టలేదు. స్కోరు ఇంకా పడింది. నాలుగో వారం ముగిశాక తొలగింపు ఫారం నా బల్ల మీదికి వచ్చింది. అందులో చివరి వాక్యం అచ్చువేసి ఉంటుంది: వివాదాస్పదమైన క్లిప్పులన్నీ నేను పరిశీలించాను. దాని కింద సంతకం పెట్టాను. ఆగస్టు మొదట్లో స్వరూపను నాలుగో అంతస్తులోని రోడ్ల ప్రాజెక్టుకు పంపారు. కార్ల కెమెరాలు తీసిన వీడియోల్లో ఆటోలు, బైకులు, రోడ్డు దాటే మనుషుల చుట్టూ పెట్టెలు గీసే పని. హెడ్‌ఫోన్ల అవసరం లేదు.

సెప్టెంబరులో మా పద్ధతులను తనిఖీ చేయడానికి బయటి ఆడిటర్లు వస్తున్నారని కబురు వచ్చింది. నేను ఫైళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. వివాదాల పరిశీలన పట్టికలో ఒక్కో క్లిప్ పక్కన విన్నవారి పొట్టి సంతకం ఉండాలి. స్వరూప పట్టికలో ఆరింటి పక్కనే నా సంతకం ఉంది. నలభై ఆరు ఖాళీ. వినకుండానే ఆ ఖాళీలు నింపేయవచ్చు, అలా నింపేవాళ్లను నేను చూశాను. నాకు అంత ధైర్యం లేకపోయింది. ఆ రోజు నన్ను కూర్చోబెట్టి ఆ క్లిప్పులు వినిపించింది న్యాయబుద్ధి కాదు, తనిఖీ భయం. రాస్తున్నాను కనుక ఉన్నదున్నట్టు రాయాలి.

ఈసారి ఎక్సెల్ కాగితంతో కాకుండా, అన్నొటేటర్లు వాడే టూల్‌లోనే క్లిప్పులు తెరిచాను. మొదటి క్లిప్ కింద వ్యాఖ్య గడిలో తెలుగు అక్షరాలు కనిపించాయి.

"వాన ముందుగాల ఈ సప్పుడు లేదు. వాన వెలిసినంక షురూ అయింది."

రెండోది తెరిచాను. "పురుగుల సప్పుడు వానకు బందయింది. ఇది బంద్ గాలే."

తరువాతిది. "గిండ్ల ఇద్దరున్నరు. ఒకరు అయినంకనే ఇంకొకరు. కలిసి అంటలేరు."

స్వరూపకు ఇంగ్లీషు టైపింగు నెమ్మది. క్లిప్‌కు ఇంతసేపే అని లెక్క ఉంటుంది కాబట్టి తనకు చేతనైన తెలుగులో రాసింది. టూల్ దాన్ని మారు మాట్లాడకుండా తీసుకుంది. ఎక్సెల్‌లోకి దించేటప్పుడు మాత్రం మా ప్రోగ్రాము తెలుగు అక్షరాన్ని గుర్తించక, ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం పెట్టింది. ఆ గడుల్లో ఎన్ని ప్రశ్నార్థకాలున్నాయో ఆమె అంత రాసింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఫ్లోరులోకి పెన్ను, కాగితం, ఫోను తీసుకెళ్లకూడదన్నది భద్రతా నియమం. క్లిప్పులు కూడా వరసలో రావు, ఎక్కడెక్కడివో కలిసి వస్తాయి. అందుచేత ఒకే రికార్డరు నుంచి వచ్చిన క్లిప్పులను గుర్తుపెట్టుకుని, ముందు గంటలో ఏం విన్నదో తరువాతి గంట క్లిప్ కింద రాసుకుంటూ పోయింది. ఆమెకున్న నోటుపుస్తకం ఆ గడి ఒక్కటే. నేను ఆ వ్యాఖ్యలను పట్టుకుని నలభై ఆరు క్లిప్పులనూ రికార్డరు వారీగా, గంటల వారీగా పేర్చాను. వరసలో వింటే వేరే శబ్దంలా ఉంది. వాన రాకముందు కీచుమనే పురుగుల హోరు. వాన. వాన తరువాత పురుగుల నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో ఈ టిక్ టిక్. ఒకచోట మొదలై ఆగుతుంది, ఆగాక కొంచెం దూరంలో ఇంకొకటి అందుకుంటుంది. మీటింగు తరువాతి వారంలో ఆమె చేసిన క్లిప్పులు కూడా తెరిచాను, ఒకదాని కింద ఇలా ఉంది: "తెల్వదు అని ఒత్తుమన్నరు. ఒత్తిన. మనసొప్పుతలేదు."

రెండు రోజులు పట్టింది అన్నీ పేర్చి మళ్లీ మళ్లీ వినడానికి. మూడో రోజు నాలుగో అంతస్తుకు వెళ్లి స్వరూపను క్యాంటీనుకు పిలిచాను. టీ తెచ్చి పెట్టాను. ముట్టుకోలేదు.

"మీ వ్యాఖ్యలు ఇప్పుడు చదివాను," అన్నాను. కాగితంలో ప్రశ్నార్థకాలు ఎందుకు పడ్డాయో చెప్పాను. ఆరే విని అన్నీ విన్నానని సంతకం పెట్టిన సంగతి కూడా చెప్పాను.

 "రెండు నెలలైతుంది మేడం," అంది. "నాకే చెవులు ఖరాబైనయేమో అని దవాఖానకు పోయి చూపిచ్చుకున్న. మంచిగనే ఉన్నయన్నరు."

 ఆ రెండు చప్పుళ్ల మధ్య తేడా ఎలా పట్టుకున్నారని అడిగాను.

"నేను జీడిమెట్లల గోలీల స్ట్రిప్పులు కొట్టే మిషన్ల కాడ చేసిన. రెండు మిషన్లు పక్కపక్కన నడుస్తయ్. కాసేపు కలిసి కొడతయ్, కాసేపు విడిపోతయ్. ఒకటి ఇంకోదాని కోసం ఆగది. ఈ పురుగులు గూడ గట్లనే, దేని హోరు దానిదే. కానీ ఇది అట్ల కాదు మేడం. అవతలిది చెప్పేదాక ఇది ఆగుతది. ఇని, అప్పుడు అంటది. మిషన్ గట్ల ఆగదు గద."

నేను మళ్లీ ప్రాజెక్టులోకి తీసుకుంటానని చెప్పలేదు. ఆ అధికారం నాది కాదు. క్లయింటుకు రాస్తానని మాత్రం చెప్పాను. "రాయుండ్రి," అని టీ తాగకుండానే లేచి వెళ్లింది.

గోల్డ్‌ను ప్రశ్నించే మెయిల్ డెలివరీ హెడ్ అనుమతి లేకుండా పోకూడదు. మా డెలివరీ హెడ్ శ్రీనివాస్ గారు గుంటూరు మనిషి, మర్యాదస్తుడు. నల్లగండ్ల నుంచి రోజూ అందరికన్నా ముందు ఆఫీసుకు వచ్చేవారు. ఆయన నేను చెప్పింది పూర్తిగా విన్నారు.

"మేడం గారూ, కాంట్రాక్టు పొడిగింపు మూడు వారాల్లో ఉందండి. వాళ్ల నిపుణుడి జవాబు తప్పని మనం మెయిలు పెడితే ఎలా ఉంటుంది చెప్పండి? పైగా ఆ అమ్మాయిని తీసేసింది మనమే."

"తీసేసింది నేనండి. అన్నీ వినకుండా సంతకం పెట్టానని నా ఫైల్లో రాయండి."

"మనల్ని వాళ్ల జవాబుల కీ ప్రకారం మార్కు చేయమన్నారండి. అడవిలో ఏముందో చెప్పమనలేదు."

"అడవిలో ఏముందో తెలియకనే కదండీ మనకు పంపారు."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. నా ఫైల్లో సంతకం విషయం రాస్తే ఆ ఏడాది నా రేటింగు తగ్గుతుందనీ, అది ఆయన ఆపలేరనీ చెప్పారు. నేను ఒప్పుకున్నాక మెయిల్‌కు అనుమతి ఇచ్చారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన చెప్పినవన్నీ నిజాలే, ఆ తరువాత రేటింగు తగ్గింది కూడా.

మెయిల్‌కు పదకొండు రోజులు జవాబు రాలేదు. ఆ పదకొండు రోజులూ శ్రీనివాస్ గారు లిఫ్టులో ఎదురైతే వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు. పన్నెండో రోజు క్లయింటు శాస్త్రవేత్త జవాబు ఇచ్చాడు. గోల్డ్ జవాబులు, వానలు లేని నెలల పాత రికార్డింగులతో పోల్చి ఒక సహాయకుడు తయారుచేసినవని ఒప్పుకున్నాడు. వంతులవారీగా పలికే పురుగులు కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క ఆధారం చాలదని రాశాడు. కానీ వానకూ ఆ శబ్దానికీ ఉన్న సంబంధం తమలో ఎవరూ గమనించలేదని, ఆ వ్యాఖ్యలన్నీ తనకు ఇంగ్లీషులో కావాలని అడిగాడు.

అనువాదానికి స్వరూపను మూడు రోజులు ఆరో అంతస్తుకు పిలిపించాను. ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. 'మనసొప్పుతలేదు' అన్న వాక్యం దగ్గర ఆగి, అది పంపాలా అని అడిగాను. "అది సప్పుడు గురించి కాదు గద మేడం, తీసెయ్యుండ్రి," అంది. తీసేశాను.

ఈలోగా ఉత్తర లోయ క్లిప్పులన్నీ మళ్లీ వినాలని ఆదేశం వచ్చింది. పదకొండు మంది నాలుగు వారాల పని వెనక్కి పోయింది. ఫ్లోరులో గొణుగుడు మొదలైంది. ఒకామె స్వరూప మొహం మీదే "నీ ఒక్కదాని చెవుల కోసం మేమంతా పరేషాన్ కావాల్నా" అందట. నేను అందరినీ కూర్చోబెట్టి, ఆ శబ్దం విన్నప్పుడు ఎవరికైనా అనుమానం వచ్చిందా, నిజం చెప్పమన్నాను.  గొణిగినామే ముందు చెయ్యెత్తింది.

"నాకూ వచ్చింది మేడం. మొదట రెండు మూడు కప్ప అనే పెట్టిన. స్కోర్ తగ్గింది. ఇగ పురుగు అని పెడితే పెరిగింది. గంతే."

ఇంకో నలుగురు చేతులెత్తారు. నేను జూలైలో స్వరూపకు చెప్పిన మాట, మిగతా వాళ్లందరూ అదే పెట్టారు అన్న మాట, ఎంత బోలుదో అప్పుడు తెలిసింది. వాళ్లు అడవిని వినడం మానేసి జవాబుల పట్టికను వినడం నేర్చుకున్నారు. నేర్పింది మా పద్ధతే. ఆ జూలై నెల నివేదికలో నేను అన్నొటేటర్ల మధ్య ఏకాభిప్రాయం అద్భుతంగా ఉందని రాశాను. కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నవంబరులో, ఆ దీవిలో వానలు బాగా పడుతున్నప్పుడు, శాస్త్రవేత్త మనిషి ఒకరు ఉత్తర లోయకు నడిచి వెళ్లారు. నాలుగు రోజులు వెతికారు. అయిదో రోజు ఫోటో వచ్చింది. వెడల్పాటి ఆకు, ఆకు మీద నీటి బొట్లు, నడుమ గోధుమరంగు చుక్కలున్న చిన్న ప్రాణి. పక్కన కొలత కోసం పెట్టిన అగ్గిపుల్ల దానికన్నా పొడుగ్గా ఉంది. వాళ్లు వెతుకుతున్న గోదురుకప్పే. ఆ లోయలో అది వేరే ధోరణిలో పలుకుతోంది, అందుకే పాత రికార్డింగులతో పోల్చిన సహాయకుడు పురుగనుకున్నాడు. ఉత్తర లోయను పటంలో కప్ప ఉన్న ప్రాంతంగా మార్చామని, లేబుళ్లు కూడా మార్చమని మెయిలు వచ్చింది. చివర్లో మా క్వాలిటీ విభాగం శ్రద్ధను మెచ్చుకుంటూ ఒక వాక్యం ఉంది.

ఆ వాక్యానికి నేను జవాబు రాశాను. దీన్ని కనిపెట్టింది ఫలానా అన్నొటేటరని, క్వాలిటీ విభాగం ఆమె మాటను తోసిపుచ్చి ఆమెను తొలగించిందని, ఆ నిర్ణయం నాదని రాసి, శ్రీనివాస్ గారికి కూడా ఒక ప్రతి పంపాను. శాస్త్రవేత్త స్వరూప పేరున విడిగా ఉత్తరం పంపాడు. దాన్ని నేను చదివి తెలుగులో చెప్పబోతే, "నేను సదువుకుంట మేడం, టైపింగే నెమ్మది," అని తీసుకుంది. మొదటిసారి నవ్వింది.

ఆమె ఫైల్లోని తొలగింపు పత్రాన్ని తీసేయమని హెచ్‌ఆర్‌ను అడిగాను. మూసేసిన నెలల స్కోర్లు మార్చడానికి సిస్టమ్‌లో దారి లేదన్నారు. మూడుసార్లు తిరిగాక, పత్రం అలాగే ఉంచి, దాని వెనక నా సంతకంతో ఇంకో పత్రం చేర్చడానికి ఒప్పుకున్నారు. తప్పు అన్నొటేటరుది కాదు, పరిశీలకురాలిది అని అందులో ఉంది. డిసెంబరులో స్వరూపను తిరిగి శబ్దాల ప్రాజెక్టులోకి రమ్మన్నారు. వెంటనే ఒప్పుకోలేదు. ఎవరు ఏ భాషలో వ్యాఖ్య రాసినా దాన్ని చదివే మనిషి ఒకరుండాలని అడిగింది. కిరణ్ ఆ పని తాను చేస్తానని ముందుకొచ్చాడు. ప్రోగ్రామును కూడా సరిచేయించారు. ప్రాజెక్టు ముగిసేదాకా ఆమె అక్కడే, వాన తరువాతి క్లిప్పుల మీద చివరి మాట చెప్పే రివ్యూయరుగా పనిచేసింది.

ఆ లోయలో చెట్లను నిజంగా వదిలేశారో లేదో నాకు తెలియదు. రెండుసార్లు అడిగాను, నిర్ణయం ప్రభుత్వం దగ్గర ఉందని చెప్పారు. మా పని లేబులు మారడంతో ముగిసింది. ఆ తరువాత ఏం జరిగిందో తెలియకుండా పనిచేయడం ఈ వృత్తిలో మామూలే.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. అందరి జవాబులూ ఒకేలా ఉంటే సంతోషించే ముందు, వేరే జవాబు ఇచ్చినవారికి ఏమైందో కనుక్కోమని చెబుతాను. శిక్ష పడిందని తెలిస్తే ఆ ఏకాభిప్రాయం విలువ సున్నా. రెండోది నా సంగతి. వినడంలో పేరున్న మనిషిని కాబట్టి ఆరు వింటే చాలనుకున్నాను. మిగిలిన తొమ్మిది నెలల ఉద్యోగంలో 'అన్నీ పరిశీలించాను' అన్న అచ్చు వాక్యం కింద మళ్లీ సంతకం పెట్టలేదు. ఆ మాట కొట్టేసి, ఎన్ని విన్నానో ఆ అంకె వేసి, దాని కింద పెట్టాను. కొన్ని ఫారాలు చెల్లవని వెనక్కి వచ్చాయి. అలాంటప్పుడు మిగతావి కూడా విని పంపాను.